మిల్లు మూతపడిన పాట

అమీర్‌పేట హాస్టల్లో నా గదిలో ఉండే వరంగల్ మిత్రుడి కంప్యూటర్లో ఎప్పుడూ అవే నాలుగు ఇంగ్లీషు రాక్ పాటలు మోగేవి. వాటిలో ఒకటి, మిల్లు మూతపడిందని గాయకుడు గొంతు చించుకునే పాట. కోనసీమలో మా రైస్ మిల్లు వేలానికి పోయాక సాఫ్ట్‌వేర్ కోర్సుకు వచ్చినవాణ్ణి నేను. ఆ పాట వస్తే బిగుసుకుని కూర్చునేవాణ్ణి.

ఒక సాయంత్రం అతను పంజాగుట్ట నెట్ సెంటర్లో ఆ పాట పుట్టిన కథ చదివి వచ్చి, అదే పాట పెట్టాడు.

"గట్ల మొఖం పెట్టకు భాయ్, ఏడ్పు పాట గాదది. మిల్లు గా పాడేటోని నాయినదే. మూతవడ్డంక గిటార్ పట్టుకొని పట్నం ఉరికిండు. ఖుషీతోని ఒర్లుతుండు."

"తండ్రి మిల్లు పోతే సంతోషమేంటి? సిగ్గుండాలి."

"మరి నీకు మీ మిల్లుల కూసోవాలనుండెనా? నిజం చెప్పు."

చిన్నప్పటి నుంచీ ఊక దుమ్ముకు ఆయాసపడుతూనే ఉన్నాను. అయినా ఒక్కగానొక్క వారసుణ్ణి కాబట్టి, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"లేదు," అన్నాను.

"మరింకేంది!" అంటూ అతను సౌండు పెంచాడు.

ఆ మాట పైకి అన్నందుకు మా వంశం మీద పిడుగేమీ పడలేదు. పక్క గదివాళ్ళు మాత్రం గోడ మీద దబదబా బాదారు. నాకు నవ్వొచ్చింది.