ఏరు అన్న కేక

పెళ్ళయిన రెండో ఏడు మావారికి సండూరు కొండల్లో ఇనుపరాయి సర్వే పని పడింది. బండ్రి దాటాక, మనుషుల అలికిడి లేని కొండవాగు ఒడ్డున డేరా వేసుకున్నాం. నాది గుంటూరు, కన్నడం ఒక్క ముక్క రాదు. పసివాడైన మా బాబును చూసుకోవడానికి బండ్రి నుంచి హులిగెమ్మ వచ్చేది. నాతో మాత్రం తనకొచ్చిన తెలుగులో మాట్లాడేది.

ఒక మధ్యాహ్నం మావారు పనిమీద కొండెక్కారు. బాబును డేరాలో పడుకోబెట్టి వెనక బట్టలు ఆరేస్తుంటే, పైనుంచి హులిగెమ్మ కేక వినిపించింది.

"ఏరు, అమ్మా, ఏరు!"

డేరాలోకి చూస్తే పక్క ఖాళీగా ఉంది. పాకుతూ ఏట్లోకి పోయాడని చెబుతోందనుకుని వాగులోకి దిగాను. మోకాటి లోతు నీళ్ళలో రాళ్ళ సందులన్నీ తడిమాను. నీళ్ళు ఎర్రబడి నడుం దాకా వచ్చినా పట్టించుకోలేదు.

అప్పుడు వెనక నుంచి బాబు ఏడుపు వినిపించింది. హులిగెమ్మ వాణ్ణి చంకనెత్తుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఎలా పైకి వచ్చానో తెలియదు. మేం బండల మీదికి చేరేసరికి డేరా వరదలో కొట్టుకుపోతోంది.

"ఏందమ్మా నువ్వు? ఏరు అంటే కిందికి పోతాండావు," అని ఆయాసపడుతూనే కోప్పడింది. బాబు లేచి ఏడిస్తే ఎత్తుకుని పైకి వెళ్ళిందట. అక్కడి నుంచి వరద రావడం చూసి నన్ను పిలిచిందట. కంగారులో కన్నడమే నోటికొచ్చిందట. కన్నడంలో ఏరు అంటే ఎక్కు అని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం మావారు వచ్చి ఏమేం పోయాయని అడిగారు. ఒళ్ళోని బాబును వదలకుండానే ఏమీ పోలేదన్నాను.

ఇది రాస్తుంటే వాడు పక్కనే నిద్రపోతున్నాడు. ఇప్పటికీ వాడు కాసేపు కనబడకపోతే, నా కాళ్ళు ముందు నీళ్ళున్న వైపే పరుగెడతాయి.