ఆదివారం నిద్ర

శ్రావణమాసం రెండో ఆదివారం, పగలు ఒంటిగంట. ఆదోని స్టేషనులో రైలు కూత పెట్టింది. ఆ కూత వింటూనే నేను పడుకున్నాను.

యాభైల్లో మాట ఇది. నేనూ నా మొగుడూ పత్తి నుంచి గింజ తీసే జిన్నులో కూలీలం. దూది ధూళి మింగి మింగి నాకు తెల్లవార్లూ దగ్గు. ఉమ్మితే దూది పోగులు పడేవి. ఆదివారం జిన్నుకు సెలవు. సెలవంటే మగవాళ్లకే. ఆడదానికి ఆ రోజు వారం మురికి గుడ్డలన్నీ కాచుకుని ఉండేవి.

చంటిబిడ్డల తల్లులు పనికి పోయేముందు ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి పోసేవాళ్లు. సాయంత్రం దాకా బిడ్డ కదలదు, మెదలదు. మా పేటలో అన్ని ఇళ్లలోనూ ఇదే. మా ఇంట్లో ఆ పని మా అత్తది.

ఆ రోజు మొగుడికి ఎక్కడలేని దయ పుట్టింది.

"పండుకో పో, దగ్గి దగ్గి సస్తాండావు. పాపను నేను సూసుకుంటా."

"పొద్దు పడమట పొడిసిందా యేం?"

"పండుకోమంటే దీనికి ఎకసక్కెం!"

నమ్మి పడుకున్నాను. లేచేసరికి ఎండ గోడెక్కింది. మొగుడు లేడు. ఉయ్యాలలో బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. ఎత్తితే తడిగుడ్డలా వేలాడింది.

"అత్తా! పాపకేం పోసినావు?"

"దినామూ పోసేదే. బజారు నుంచి వచ్చినా, పాప మూలుగుతాంది, వాడు లేడు. నీ నిద్ర సెడగొడతాదని పోసినా."

నా అరుపుకు ఎదురింటి మంత్రసాని పరుగెత్తి వచ్చింది. ముఖాన చన్నీళ్లు చల్లింది. "నిద్ర పోనీయొద్దు. అరికాళ్లు గిల్లు. ఇంకా గట్టిగా! నీ బిడ్డ అని సూడొద్దు, గిల్లు!" గోళ్లు దిగేట్టు గిల్లాను.

అప్పుడొచ్చాడు మొగుడు, చేతిలో పేకముక్కలు అట్లే విసనకర్రలా పట్టుకుని. వెనకే వాడితో ఆడుతున్న ముగ్గురూ.

"నేను రవ్వంతే పోసినా గదా," అన్నాడు. "ఏడుస్తాంటే ఆట యెట్ల ఆడేది?"

మంత్రసాని తల ఎత్తింది. "నువ్వొకసారి, మీయమ్మ ఒకసారి. మగోడివప్పా నువ్వు!"

వాడు ముక్కల వైపు చూసుకున్నాడే గానీ కింద పడేయలేదు. థూ!

దీపాలు పెట్టేవేళకు బిడ్డ కీచుమని ఏడ్చింది. ఏడవనీ అని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నల్లమందు డబ్బీ తెచ్చి అందరూ చూస్తుండగా మురికి కాలువలో వేశాను. మరుసటి రోజు బిడ్డను వీపున కట్టుకుని జిన్నుకు పోయాను.

ఆ సాయంత్రం అక్కడ ఉన్నవాళ్లు: తల వంచుకున్న మా అత్త, చేతులు తడిసిన మంత్రసాని, ఆట మళ్లీ ఎప్పుడని గడప దగ్గర కాచుకున్న ఆ ముగ్గురు, పేకముక్కలతో నా మొగుడు, పాదాలు ఎర్రగా కమిలి ఏడుస్తున్న నా బిడ్డ, నేను.