బొమ్మజీపుకి స్టీలు షాఫ్టు

మా ఆవిడ జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళగానే వీధి తలుపు గడియ పెట్టుకుని బొమ్మజీపుతో ఆడుకుంటాను. నలభై దాటినవాణ్ణి. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. అసలు సిగ్గు ఇది కాదు.

నర్సీపట్నం నుంచి కొయ్యూరుకి సర్వీసు జీపు తోలేవాణ్ణి. నిరుడు వానల్లో ఘాట్ మలుపులో బోల్తా కొట్టించాను. జనానికేం కాలేదు గానీ నా మోకాలు చితికింది. అది ఎప్పుడో అతుక్కుంది. ఇక బండి తోలుకోవచ్చని డాక్టరుగారు కూడా అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. మోకాలు ముడుచుకోవడం లేదంటూ ఇంటా బయటా కుంటుతూనే ఉన్నాను. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా కుంటు నడకని నమ్మి ఆవిడ ఫ్యాక్టరీలో చేరింది. జీడి నూనెకి వేళ్ళన్నీ నల్లబడ్డాయి.

నేను మంచం మీదున్నప్పుడు కాలక్షేపానికని మా బావమరిది తెచ్చిచ్చాడు ఆ బొమ్మజీపు. రాక్ క్రాలర్ అంటారు. రిమోటు నొక్కితే రాళ్ళ మీద పాక్కుంటూ ఎక్కుతుంది. మోటారు బలాన్ని చక్రాల ఇరుసులకి అందించే డ్రైవ్ షాఫ్టులు దానికి ప్లాస్టిక్‌వి. మొదటి రాళ్ళగుట్టకే ఒకటి మెలితిరిగి విరిగింది. ఫోన్లో వెతికి స్టీలువి తెప్పించాను. ఒకదాంట్లో ఒకటి జారే రెండు ముక్కల షాఫ్టు, పొడుగెక్కువ. మన బండికి తగ్గట్టు కోసుకోవాలి.

అదెంత పని అనుకున్నాను. బండిని బల్లమీద పెట్టి, లోపల జనం కిక్కిరిసినట్టు అరచేత్తో నొక్కిపట్టి, ఆ కొలతకి హాక్సా బ్లేడుతో కోసేశాను. సర్వీసు జీపు ఖాళీగా పోవడం నేనెప్పుడు చూశాను గనక! తీరా రాయెక్కించేసరికి ఓ చక్రం గాల్లో వేలాడింది. షాఫ్టు పొట్టిదైపోయి ఏ ముక్కకాముక్క ఊడొచ్చింది. డ్రైవర్నన్న పొగరు కాస్తా దిగింది. మళ్ళీ ఇంకో సెట్టు తెప్పించి, ఈసారి చక్రాలు కిందికి వేలాడేలా బండిని ఎత్తి పట్టుకుని కొలిచాను. నొక్కినా రెండు ముక్కలూ లోపల ఒకదాన్నొకటి తన్నకుండా చూసుకుని కోసి, ఆకురాయితో నునుపు చేశాను.

ఆదివారం ఊరవతల గుట్టకి బయల్దేరుతుంటే మా ఆవిడ, "నానూ వస్తానండి. ఏటి సేస్తన్నారో సూస్తాను," అంది. ఆమె భుజం పట్టుకుని కుంటుతూ వెళ్ళాను. ఆమె నీడలో కూర్చుంది.

బండి రాయెక్కింది. చక్రం గాల్లో వేలాడినా షాఫ్టు ఊడలేదు. "అద్దీ!" అని అరిచాను కూడా. అంతలో కొన దాటి అవతలికి ఒరిగిపోతోంది. ఒక్క ఉరుకున రాయి మీదికెక్కి, గొంతుక్కూర్చుని దాన్ని ఒడిసి పట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, నేనెలా కూర్చున్నానో.

తల తిప్పి చూశాను. ఆమె లేచి నిలబడి నన్నే చూస్తోంది. నా మోకాలికేసి చూసింది, తర్వాత మొహంకేసి. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఆమె రాయి దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే భుజం వంచి నిలబడింది.

"సూసి దిగండి. మోకాలు కదా," అంది.

తిట్టినా బాగుండేది. బండిని చంకలో పెట్టుకుని, ఆ భుజం మీద చెయ్యేసి, రోడ్డుదాకా కుంటుకుంటూ నడిచాను.