దుప్పటి చేపను చూసిన రోజు

నేను ఫిజిక్స్‌లో డిగ్రీ చదివాను. దయ్యాల మీద నమ్మకం లేదు. పైగా ఈ గల్ఫ్ దేశంలో, తుబ్లీలో, మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. దయ్యం వచ్చినా దానికి మంచం దొరకదు. అందుకే దీన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మీనా సల్మాన్ రేవులో ఒక చిన్న వర్క్‌షాపులో నా పని. డైవింగ్‌కు వెళ్లేవాళ్ల సిలిండర్లలో గాలి నింపుతాం. ఆ పని నాకు నేర్పింది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన రాజన్న. ఎవరెవరో నీళ్ల అడుగున పీల్చే గాలిని ఇరవై ఏళ్లు నింపాడు. తను మాత్రం ఏనాడూ సముద్రంలో మోకాలి లోతు దాటలేదు. కుడి బొటనవేలు పై సగం ఎప్పుడో కంప్రెసర్ బెల్టులో పోయింది.

పడవ కదిలినప్పుడల్లా ఒడ్డున నిలబడి ఆ సగం వేలే ఎత్తి చూపేవాడు. డైవర్ల సైగల్లో బొటనవేలు ఎత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. నీళ్లలో ఎవరు ఆ సైగ చేసినా జతగాడు వాదించకుండా పైకి రావాల్సిందే. ఆ సంగతి రాజన్నకు చెప్పి చూశాను.

“మంచిదే గదా తమ్మీ. పోయినోళ్లు పైకి రావాలె గని, ఆడ్నే ఉంటరా?” అన్నాడు.

ఒకసారి కస్టమర్ ఫోన్‌లో మాంటా రే అనే వెడల్పాటి రెక్కల చేప ఫొటో చూసి దానికి ‘దుప్పటి చేప’ అని పేరు పెట్టాడు. “నువ్వు సదువుకున్నోనివి, దిగు. సూసొచ్చి నాకు జెప్పు” అని రోజూ పోరేవాడు.

నాలుగు నెలల క్రితం గుండెపోటుతో పోయాడు. ముహర్రక్ విమానాశ్రయంలో పెట్టె కార్గో గేటు దాటుతుంటే నేను బొటనవేలు ఎత్తాను. ఎందుకో తెలియదు. ‘బాగుంది’ అని మాత్రం కాదు.

ఆ తర్వాతే డైవింగ్ నేర్చుకున్నాను. ఈ నీళ్లలో దుప్పటి చేప అరుదు. పోయిన నెల ఒక శుక్రవారం, ఉత్తరాన పగడపు దిబ్బ దగ్గర ఒకటి తిరుగుతోందని పడవవాళ్లు చెప్పారు. గైడ్ నౌషాద్‌తో బయల్దేరాను. కేరళవాడు, అప్పటికి చేరి నెలే అయింది. రాజన్నను చూడలేదు, పేరు కూడా వినలేదు.

గాలి ఎంతుందో చూపే మీటర్లలో మంచివన్నీ కస్టమర్లకు పోయాయి. ఒక పాతది మిగిలింది. “దీని ముల్లు అబద్ధాలాడ్తది, పారెయ్” అని రాజన్న ఎన్నోసార్లు చెప్పింది దాని గురించే. ఏదీ పారేయకపోవడం నా గుణం. అదే తగిలించుకున్నాను.

పన్నెండు మీటర్ల లోతున అది వచ్చింది. తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి లేచినట్టు, ఏ తొందరా లేకుండా. నా తల మీదుగా ఒక చుట్టు తిరిగింది, మళ్లీ తిరిగింది. కెమెరాను రెండు చేతులా పట్టుకుని కదలకుండా ఉండిపోయాను. ఛాతీకి తగిలించుకున్న మీటరు వైపు చూశాను, సగం పైనే ఉంది.

అంతలో నౌషాద్ వచ్చి నా భుజం పట్టుకుని పైకి లాక్కెళ్లాడు. ఒళ్లు మండింది. నీళ్లలో తిట్టే సౌకర్యం లేదు.

పైకి తేలి నిచ్చెన పట్టుకున్నాను. ఒక ఊపిరి లాగాను. రెండోది రాలేదు. సిలిండర్ ఖాళీ. మీటరు ముల్లు మాత్రం ఇంకా సగం పైనే నిలబడి ఉంది.

పడవ ఎక్కాక, ఎందుకు లాక్కొచ్చావని నౌషాద్‌ను అడిగాను.

“నువ్వే కదా భాయ్ వేలు ఎత్తావు! రెండుసార్లు.”

నా రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయన్నాను. వీడియో చూపించాను. అతను నా భుజం పట్టుకునేదాకా కెమెరా ఎక్కడా కదల్లేదు. నౌషాద్ వీడియో పూర్తిగా చూడకుండానే నా కుడిచేయి లాక్కుని తిప్పి చూశాడు.

“నీ వేలు బాగానే ఉందే! నీళ్లలో వేలు పై సగం కనపడలేదు. చేప కొరికిందేమోనని పరుగున వచ్చాను.”

మాంటాకు కొరికే పళ్లు ఉండవని చెప్పబోయాను. నా బొటనవేలే ఒకసారి తడిమి చూసుకున్నాను.

నీళ్లు మసకగా ఉన్నాయి. చేప నీడ పడింది. నౌషాద్ పొరబడ్డాడు. ఒక్కొక్కటీ నమ్మదగిన కారణమే. కానీ సరిగ్గా ఆ నిమిషానికే, ఆ సైగే, ఆ సగం వేలే ఎందుకో నా ఫిజిక్స్‌కు అందలేదు.

మీటరు పారేశాను. ఇప్పుడు పడవ కదిలినప్పుడల్లా ఒడ్డున నేనే వేలు ఎత్తి నిలబడుతున్నాను. అది తప్పు సైగ అని నౌషాద్ గుర్తుచేస్తూ ఉంటాడు.

చూసొచ్చి చెప్పమన్నాడు రాజన్న. చెప్పాల్సిన అవసరం ఇంకా ఉందో లేదో, ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.