లోడు బండికి దారి

మా ఆయన పోయిన నాలుగు నెలలకు, ఈ రోజు పొద్దున మళ్లీ బూట్లు వేసుకున్నాను. "రోజూ జరసేపు నడువమ్మా, నీ మనసు తేలికైతది" అని డాక్టరమ్మ పోరుతూనే ఉంది. మిర్యాలగూడలో మా ఇంటి దగ్గరి కాలేజీ గ్రౌండుకే వెళ్లాను. పదేళ్లు ఇద్దరం కలిసి నడిచిన చోటు.

కలిసి అంటే మాటవరసకే. రైస్‌మిల్లులో లారీల వెంట తిరిగే మనిషి, నడకంతా తొందరే. నేను ఒక రౌండు తిరిగేలోపు ఆయన రెండు తిరిగి, వెనక నుంచి "జరుగు జరుగు, లోడు బండొస్తున్నది!" అని అరుస్తూ దాటిపోయేవారు.

ఈ రోజు మూడో రౌండులో, రోజూ నడకకు వచ్చే యాదమ్మత్త నన్ను ఆపింది.

"గంత బాట ఉండంగ అంచుకు పోయి ముండ్లల్ల నడుస్తవేంది బిడ్డా? ఎవలకు సైడిస్తున్నవ్?"

అప్పుడు చూసుకున్నాను. బూట్ల నిండా పల్లేరుకాయలు.

"ఎవరికీ కాదత్తా" అన్నాను. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె ఆ కాయలు ఒక్కొక్కటే తీసింది.

డాక్టరమ్మ చెప్పింది అబద్ధమేం కాదు. ఇంటికొచ్చాక, ఇన్ని నెలల్లో మొదటిసారి ఆకలేసింది. మూడు ఇడ్లీలు తిన్నాను. తిన్నందుకు మళ్లీ ఏడ్చాను. తేలికవడమంటే ఇదేనా? నడిచి తేరుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రేపు కూడా వెళ్తాను. బాట మధ్యలో నడవడం మాత్రం ఇప్పట్లో నా వల్ల కాదు.