డిబేటింగ్ టీములో నాలుగో మనిషి

సిడ్నీలో కొత్తవాళ్ళెవరైనా పరిచయమైతే రెండో ప్రశ్నే ఏ స్కూల్లో చదివావని. తల నెరిసినవాళ్ళని కూడా అదే అడుగుతారు. మాది పేరున్న ప్రైవేటు గ్రామర్ స్కూలు, ఆ పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం విప్పారుతుంది. హెలెన్స్‌బర్గ్ గుడిలో ఆంటీలైతే పిల్లల్ని పిలిచి మరీ నన్ను చూపిస్తారు. అక్కడ ఆరేళ్ళూ ఏం చేశావని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పేదాన్ని, డిబేటింగ్ టీములో నాలుగో మనిషినని.

డిబేట్లో మాట్లాడేది ముగ్గురే. పోటీకి ముందు విషయం చెప్పి, టీముని ఒక గదిలో పెట్టి గంటసేపు తలుపేస్తారు. నాలుగో మనిషి ఆ గదిలో కూర్చోవచ్చు, వాదనలు వెతికిపెట్టొచ్చు, అరచేతిలో పట్టే అట్టముక్కల మీద చక్కగా రాసివ్వొచ్చు. తలుపు తెరిచాక ముగ్గురూ స్టేజి ఎక్కుతారు. నాలుగో మనిషి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంటుంది.

మా కోచ్ ఇంగ్లీషు టీచరే. పెద్దమనిషి, ఎవరినీ ఒక్క మాట గట్టిగా అన్నవాడు కాదు. నేను గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. టీములు వేసిన రోజు నన్ను పక్కకి పిలిచి, నీ బుర్ర మాకు కావాలి, నీ యాసే జడ్జీలకి కాస్త కష్టం, ఒక్క సంవత్సరం ఓపిక పట్టు అన్నాడు. ఆ ఒక్క సంవత్సరం పన్నెండో క్లాసు పూర్తయ్యేదాకా సాగింది. నా యాస మధ్యలో ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆయనకి తెలియదు, తెలియాలంటే నన్ను ఒకసారైనా మాట్లాడనివ్వాలి కదా.

పోటీలు శుక్రవారం సాయంత్రాలు. ఆఖర్న అందరూ కలిసి తినడానికి ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి చేసి తేవాలి. అమ్మ పని నుంచి టూంగాబీలో మా ఇంటికి వచ్చి, మసాలా వడలు వేసి, స్టీలు డబ్బాలో సర్దుకుని రైల్లో వచ్చేది. అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఆ డబ్బానే. నేను వెళ్ళి పక్కన కూర్చోగానే "నీ వంతెప్పుడే?" అని అడిగేది. ఇవాళ కాదమ్మా అనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది, వడలు తేవడం మాత్రం మానలేదు.

మా ఫస్ట్ స్పీకరు పెద్దయ్యాక బారిస్టరయ్యాడు. నేను సొలిసిటర్నయ్యాను. ఇక్కడ రెండూ వేరు వేరు ఉద్యోగాలు. క్లయింటుతో నెలల తరబడి కూర్చుని కేసు తయారుచేసేది సొలిసిటర్, కోర్టులో లేచి మాట్లాడేది బారిస్టర్. నేను తయారుచేసిన కేసులు చాలావరకు అతనే వాదిస్తాడు. జడ్జి ఏదైనా అడిగినప్పుడు అతను తడుముకుంటే నేను కాగితం ముందుకి జరుపుతాను. వినేవాళ్ళకి ఇది తమాషాగా ఉంటుంది, మా ఆఫీసులో చెప్పుకుని నవ్వుతారు కూడా. నాకు మాత్రం నవ్వు రాదు.

ఈ మధ్య అతను ఫోన్ చేశాడు. స్కూల్లో పాత విద్యార్థులందరికీ శనివారం లంచ్ పెడుతున్నారట. తర్వాత సరదాకి ఒక డిబేట్, ఇప్పటి పిల్లలతో మా పాత టీముకి. విషయం, బడి రోజులే జీవితంలో మంచి రోజులని. అవునని వాదించాల్సింది మేము. మా సెకండ్ స్పీకరు లండన్‌లో ఉంది, రావడం లేదు, టీముకి నువ్వు కావాలి అన్నాడు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది, నన్ను రమ్మన్నాడు. దానికి ఇంకో అర్థం ఉంటుందని నాకెలా తోస్తుంది?

అమ్మ ఇప్పుడు క్వేకర్స్ హిల్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. వారమంతా వంటింట్లో ఆమె ముందు నిలబడి స్పీచ్ చెప్పాను. అందులో నా యూనిఫాం బ్లేజర్ కథ ఉంది. ఏడో క్లాసులో అమ్మ మూడు సైజులు పెద్దది కొంది, ఎదుగుతుందిలే అని. ఎదిగాను, పన్నెండు పాసయ్యాను, లాయర్నయ్యాను, బ్లేజర్ ఇంకా వదులే. నేను ఐదడుగులు కూడా ఉండను, అందుకని అది నా నోట బాగుంటుంది. అమ్మ బీన్స్ తుంచుతూ విని, "అక్కడ కాస్త ఆగవే, నవ్వుతారు" అంది. గుడిలో ఆంటీలకి కూడా చెప్పేసింది, మా అమ్మాయి స్కూల్లో మాట్లాడుతోందని.

శనివారం పట్టుచీర కట్టుకుంది. వడల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది.

డిబేట్‌కి తయారయ్యే ప్రెప్ గదిలో అతనూ మా థర్డ్ స్పీకరూ కాకుండా ఒక పొడుగాటి ఆవిడ కూర్చుని ఉంది. అతని భార్య. ఆవిడా బారిస్టరే, చదివింది వేరే స్కూలు. సెకండ్ స్పీకరు తనే అని చెప్పాడు, అదేదో నాకు ముందే తెలిసిన విషయమైనట్టు.

"తను స్టేజి మీద అదరగొడుతుంది. నువ్వు ఎప్పట్లా మాతో ప్రెప్‌లో ఉండు, నువ్వు లేకపోతే మాకేం తోచదు" అని చెయ్యి చాపాడు. "ఏమైనా తెచ్చావా?"

ఏమనాలో నాకు తెలుసు. బయట అమ్మ కూర్చుని ఉందనీ తెలుసు. అయినా అట్టముక్కలు తీసి ఆ చేతిలో పెట్టాను. ఆ గదిలో ఎవరూ నా వైపు చూడలేదు.

హాల్లోకి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. అన్నేళ్ళ తర్వాత మళ్ళీ అడిగింది, "నీ వంతెప్పుడే?"

"ఇవాళ కాదమ్మా" అన్నాను.

అతని భార్య నా కార్డులు బాగానే చదివింది. బ్లేజర్ దగ్గరికి వచ్చేసరికి ఆగాల్సిన చోట ఆగలేదు, గబగబా దాటేసింది. ఆరడుగుల మనిషి తన బ్లేజర్ ఇంకా వదులంటే ఎవరు నవ్వుతారు? హాలంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మ ఒక్కతే, ఆగమని నాకు చెప్పినంతసేపూ ఆగి, పైకి వినబడేలా నవ్వింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

తర్వాత టీ దగ్గర అతను వచ్చాడు. వడ ఒకటి తీసుకుని, ఇవి ఇంకా గుర్తున్నాయన్నాడు. అమ్మ అక్కడే ఉంది. అయినా నన్నే అడిగాడు, "మీ అమ్మగారు భలే స్వీట్. ఆవిడకి అంతా అర్థమైందా?"

అమ్మ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. "ఐ నో ఫుల్ స్పీచ్. వన్ వీక్ మై డాటర్ ఈజ్ టెల్లింగ్, ఇన్ కిచెన్."

డబ్బా మూత పెట్టేసింది.

అతను వడ పట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు, జడ్జి ముందు మాట దొరకనప్పుడు చూసేదే. నేనేదో సరదాగా అనేసి దాన్ని దాటిస్తానని ఎదురుచూస్తున్నాడు. ఆ మాట నా నాలుక చివరే ఉంది. నేను ఇవ్వలేదు. అమ్మ చేతిలో డబ్బా అందుకుని, కారు ఎటువైపు పెట్టామో చూసుకుంటూ నడిచాను.