నాలుగో దెబ్బ జర మెల్లగ

చదివేవారికి నమస్కారం. నా చేతిరాత బాగుండదు, ముందే చెప్తున్నాను. అక్షరాలు గీత మీద నిలబడవు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఈ వయసులో కూడా తడబడతాను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను, అదీ సగం రోజులు డప్పు భుజాన వేసుకుని మా నాయిన వెంట పోయేవాణ్ణి. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

స్టూడియో భాయ్ పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి, "కాకా, మీ భాయ్ లేడు" అన్నది. పొయ్యి మీద చాయ పొంగి మంట ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. నిద్రలోనే గుండె ఆగిందని ఆ తర్వాత తెలిసింది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి, వరంగల్‌లో మారి, మానుకోట చేరేసరికి జనాజా లేపుతున్నారు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. నా బతుకులో ఎన్ని చావులకు పోయానో నాకే తెలియదు. అన్నిటికీ ముందు నడిచాను, డప్పు కొడుతూ. ముస్లింలలో చావుకు డప్పు ఉండదు. ఆ రోజు మొదటిసారి పాడె వెనక నడిచాను, ఉత్త చేతులతో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా కొట్టాను, ఈ ఒక్కడికి కొట్టలేకపోయానే అన్న మాట లోపల అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నలుగురిలో నోరు విప్పి చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

భాయ్‌ది ఇంటి ముందు గదిలోనే స్టూడియో. మొదట మైక్‌సెట్లు బాగు చేసేవాడు, తర్వాత క్యాసెట్లు నింపేవాడు, ఆ తర్వాత కంప్యూటర్ కొని పాటలు కట్టేవాడు. బతుకమ్మ పాటలు, చర్చి పాటలు, ఓట్లప్పుడు ఓట్ల పాటలు. మరిపెడ నుంచి, భూపాలపల్లి బొగ్గుబావుల దగ్గర నుంచి పాడేవాళ్ళు వచ్చేవారు. సన్నటి మనిషి. చాయ తాగుతూ మధ్య మధ్య గ్లాసును గోటితో కొట్టి వినేవాడు. నిండుగా ఉన్నప్పుడొక మోత, సగమైనప్పుడొక మోత. చాయ చల్లారిపోయేది, ఆయన వింటూనే ఉండేవాడు.

పదేండ్ల కింద మా పక్క ఊరి పెండ్లికి మైక్‌సెట్ పని మీద వచ్చాడు. నేను కొడుతుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అందరూ చేతులు చూస్తారు. ఈయన నా కాళ్ళు చూస్తున్నాడు.

"ఏంది భాయ్, నా చెప్పులు నచ్చినయా?" అన్నాను.

"చెప్పులు గాదు కాకా. కంప్యూటర్ల నా డప్పు పిండిగిర్ని లెక్క కొడుతది. నీది నడుస్తది. ఎట్ల నడుస్తదో సూస్తున్న."

వారం తిరక్కుండానే మనిషిని పంపి నన్ను పిలిపించుకున్నాడు. చప్పుడు ఆగడానికి ఆ గది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, తలుపుకు రెండు బొంతలు. నేను గడప బయటే నిలబడ్డాను. పెండ్లిండ్లలో మాకు చాయ బయటికే వచ్చేది, బయట నిలబడటం అలవాటు. ఆయన నా భుజం మీది డప్పు తీసుకుని, తన మంచం మీద, కప్పుకునే దుప్పటి మీద పెట్టాడు. కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మైకు ముందు ఒక దెబ్బ వేశాను. ఆయన చెవుల మీది నుంచి హెడ్‌ఫోన్ లాగేశాడు.

"జర మెల్లగ, కాకా."

తగ్గించి కొట్టాను.

"ఇంకా మెల్లగ."

ఇంకా తగ్గించాను.

"పక్కింట్ల పసిపోరడు పండుకున్నడు అనుకో. గట్ల."

నవ్వొచ్చింది నాకు. నా బతుకంతా "గట్టిగ కొట్టుర్రా, తిన్నది అరిగిపోవాలె" అన్నవాళ్ళే గానీ మెల్లగా కొట్టమన్నవాడు లేడు. మెల్లగా కొట్టడం నాకు రాదు. పొద్దంతా నేర్పాడు. చివరికి పుల్ల పక్కన పెట్టి ఉత్త వేళ్ళను తోలు మీద ఆనించాను. దాన్ని చప్పుడు అనరాదు. ఆయన కళ్ళు మూసుకుని, "గదే, గదే" అన్నాడు, దాన్ని కూడా కంప్యూటర్‌లోకి పట్టుకున్నాడు.

మధ్యలో తోలు సడలితే పెరట్లో గడ్డి మంట వేసి కాపుకునేవాళ్ళం. కాగిన డప్పు ఖణఖణమంటుంది. ఆయన భార్య తీగ మీద ఆరేసిన బట్టలు పట్టుకుని వచ్చి, "మీ ఇద్దరు కలిసి నా చీరెలన్నిటికి డప్పు వాసన పట్టిచ్చిన్రు. ఇగ నేను బజారుకు పోతే జనం నా ఎనక లైన్ కడుతరు" అన్నది. ఆయన ముసిముసిగా నవ్వి ఇంకో గుప్పెడు గడ్డి మంటలో వేశాడు.

మళ్ళీ పోయినప్పుడు ఒక పెట్టె ముందు పెట్టాడు. పుస్తకమంత ఉంది. మీద పదహారు రబ్బరు గడులు. ఒక గడి మీద వేలు వేయమన్నాడు. వేశాను. స్పీకర్లలో నా డప్పు మోగింది. నా డప్పే, ఇంట్లో కొయ్యకు వేలాడుతున్న నా డప్పు! వేలు వెనక్కి గుంజుకున్నాను. మెల్లగా తాకితే అరచెయ్యి తోలు మీద ఆనిన చప్పుడు. కొంచెం జోరుగా తాకితే పుల్ల దెబ్బ. ఇంకా జోరుగా తాకితే అప్పుడే మంట మీది నుంచి తీసిన డప్పు, ఖణేల్‌మని. ఒక్క గడిలో సడలిన తోలు, కాగిన తోలు, నా వేళ్ళు, నా పుల్ల, అన్నీ పొరలు పొరలుగా పేర్చి పెట్టాడు.

"దీనికెట్ల తెలుస్తది భాయ్, నా బలమెంతో?"

"బలం తెల్వది కాకా. వేలు ఎంత తొందరగ దిగిందో గదే సూస్తది. దానికొక నంబరు వేస్తది, ఒకటి నుంచి నూట ఇరవై ఏడు దాంక. వెలాసిటీ అంటరు. ఏ నంబరుకు ఏ దెబ్బ పలకాల్నో మనం చెప్పాలె."

"నూట ఇరవై ఏడేంది? నూటికి ఆపొద్దా?"

"మిషిన్‌కు పది వేళ్లు లేవు గద కాకా, దాని లెక్క దానిది."

"మరి సున్నా? సున్నా అంటే కొట్టనట్టా?"

ఆయన గడి మీద వేలు వేసి పైకెత్తాడు. "గాదు. సున్నా అంటే చెయ్యి తీసుడు. చెయ్యి తీస్తేనే దెబ్బ అయిపోయినట్టు."

ఎన్ని వేల దెబ్బలు కొట్టానో, చెయ్యి తీయడం కూడా దెబ్బలో భాగమని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నేను చావు నడక దరువు వేస్తుంటే కంప్యూటర్ తెర మీద గీతలు లేచాయి, సాలులో పత్తి మొక్కల లెక్క, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. భాయ్ తెర దగ్గరికి జరిగి చూశాడు. ప్రతి నాలుగో గీత కొంచెం పొట్టిగా ఉంది. నా ముఖం చిన్నబోయింది.

"తప్పు పోతున్న భాయ్. ముసలోణ్ణయితి. దాన్ని సరిచెయ్యి."

"అన్ని సార్లు ఒక్క తీరుగ పడేది తప్పెట్లయితది? నాలుగోదాని దగ్గర నువ్వేం జేస్తున్నవ్?"

తెలియదన్నాను. మళ్ళీ కొట్టమన్నాడు. నేను కొడుతుంటే నన్నే చూస్తూ, "మెడ తిప్పుతున్నవ్ కాకా" అన్నాడు. "ఎనకకు ఎవర్ని సూస్తున్నవ్?"

అప్పుడు తెలిసింది నాకు. మా నాయిన పాడె ముందు నడుస్తూ ప్రతి నాలుగో దెబ్బకు వెనక్కి తిరిగి చూసేవాడు, మోసేవాళ్ళ అడుగు కలుస్తోందా లేదా అని. బరువు మోసేవాళ్ళను వదిలి దరువు ముందుకు పోవద్దు కదా. మెడ తిరిగినప్పుడు చెయ్యి జర మెత్తబడేది. నేను ఆయన వెనక నడిచి నేర్చుకున్నాను, ఆ తిరగడంతో సహా. కుర్చీలో కూర్చుని రబ్బరు గడి మీద కొడుతున్నా నా మెడ తిరుగుతూనే ఉంది. నాయిన పోయి ముప్పై ఏండ్లయింది. ఒక మిషిన్ తెర మీద, ఒక పొట్టి గీతలో మా నాయిన కనిపించాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాను. భాయ్ చూడనట్టు చాయ గ్లాసును గోటితో మీటాడు.

"సరిచేస్తే మనిషి పోతడు కాకా. దీన్ని నేను ముట్టనే ముట్ట" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన కట్టిన పాటలో డప్పు ఉంటే నాలుగో దెబ్బ జర మెల్లగ పడేది. పాడేవాళ్ళకు తెలియదు. వినేవాళ్ళకూ తెలియదు.

ఒకసారి బయ్యారం నుంచి ఒకామె జోలపాట పాడటానికి వచ్చింది. భాయ్ దానికి డప్పు పెడతానన్నాడు.

"నా బిడ్డను పండవెట్టాల్నా, ఊరేగియ్యాల్నా భాయ్?" అని ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకున్నది.

"విన్నంక తిట్టక్కా."

నేను వేళ్ళు ఆనించిన చప్పుళ్ళు ఉన్నాయి కదా, అన్నీ ఇరవై లోపు నంబర్లలోవే, వాటితోనే ఊయల ఊపు కట్టాడు. తల్లి అరచేత్తో బిడ్డ వీపు మీద తట్టినట్టే ఉంది. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ వింటూ పాడటం మర్చిపోయింది. చావుకు, జాతరకు తప్ప పనికిరాదనుకున్న నా తోలు, పసిబిడ్డ పక్కన పడుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చి డప్పును చాలాసేపు చూశాను. నలభై ఏండ్లుగా నా భుజాన ఉన్నదాన్ని నేను ఎరగనట్టే అనిపించింది.

రెండేండ్ల కింద నాకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క. దవాఖాన నుంచి వచ్చాక మూతి సర్దుకుంది, కాలు సగం సర్దుకుంది, చెయ్యి మాత్రం చచ్చిన పిట్టలా ఒళ్ళో పడి ఉండేది. డప్పు కొయ్యకు ఎక్కింది. ఎవరొచ్చినా గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి.

భాయ్ సంచీలో ఆ గడుల పెట్టె, చిన్న కంప్యూటర్, ఒక స్పీకరు పెట్టుకుని వచ్చాడు. నా చేతిని తీసి గడి మీద పెట్టి, "ఊకె తాకు" అన్నాడు. వేలు కదిలిందో లేదో నాకే తెలియదు. ఖణేల్‌మని నా డప్పు, కాగిన డప్పు, ఇల్లంతా అదిరేలా మోగింది. వాకిట్లో కోళ్ళు లేచిపోయాయి.

"ఏం జేసినవ్ భాయ్?"

"లెక్క మార్చిన. నువ్వు రెండు అంటే మిషిన్ నూరు అంటది."

అప్పటికి ఎనిమిదేండ్ల కింద నేనే కొట్టిన దెబ్బలు అవి. బాగున్నప్పటి నా చెయ్యి, పడిపోయిన నా చేతికి బదులు పలుకుతోంది. అట్లాంటిది నేను కనలేదు, వినలేదు. ఆగకుండా తాకాను, నాలుగు, ఎనిమిది, పదహారు. అప్పుడు ఒక లోటు తెలిసింది.

"నాలుగోది తగ్గుతలేదు భాయ్. అన్ని ఒక్క తీరే పడుతున్నయి."

"మూడు నేను మోస్త కాకా. నాలుగోది నువ్వే తేవాలె."

పెట్టె నా దగ్గరే వదిలి పోయాడు. పదిహేను రోజులకొకసారి వచ్చి కంప్యూటర్‌లో ఏదో చూసుకుని, చాయ తాగి పోయేవాడు. నేను రోజూ పొద్దున, సాయంత్రం తాకేవాణ్ణి. రాను రాను గడి మొండికేసినట్టు ఉండేది, వేలు ఇంకొంచెం దించితే గానీ పలికేది కాదు. రబ్బరు పాతబడిందనుకున్నాను. ఏడాది దాటాక ఒక రోజు నాలుగో దెబ్బ జర మెల్లగ పడింది. నా మెడ తిరిగింది. వెనక భాయ్ ఉన్నాడు, గోడకు ఆనుకుని.

"రబ్బరు మార్చాలె భాయ్, మస్తు గట్టిపడ్డది" అన్నాను.

"రబ్బరు మంచిగనే ఉన్నది. వచ్చినప్పుడల్లా లెక్క జర జర ఎనకకు తిప్పిన. నెల కిందనే సీదా అయింది కాకా. గిప్పుడు మోగుతున్నది మిషిన్ ఇచ్చింది గాదు, నువ్వు కొట్టిందే."

నేను నా చెయ్యిని చూసుకున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ చేత్తోనే. అందుకే అక్షరాలు ఇట్లా ఉన్నాయి.

ఆ మధ్యనే పెట్టె తిరిగి ఇచ్చేశాను. ఇంకా ఎవరికో అక్కరకొస్తుందని.

మట్టి చేసిన మూడో రోజు మళ్ళీ మానుకోట పోయాను. భాయ్ భార్య ఆ పెట్టెను పాత బొంతలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నేను భూపాలపల్లికి మా అన్నోళ్లింటికి పోతున్న కాకా. ఇది నీదేనని ఎప్పుడూ అనేటోడు" అన్నది. స్టూడియో గదిలో కుర్చీ అట్లాగే ఉంది, దాని మీద హెడ్‌ఫోన్. కంప్యూటర్ కట్టేసి ఉంది. పెట్టెకు ఏ తీగా తగిలించలేదు. దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని గడప దగ్గర కూర్చుని, చావు నడక దరువు మొదలుపెట్టాను. రబ్బరు మీద వేలు పడుతున్న మెత్తటి సడి, అంతే.

ఆమె కాసేపు చూసింది. "తీగ పెట్టలే గద కాకా, సప్పుడు రాదు."

"రాదు బిడ్డా. మీ ఇంట్ల కొట్టరు గద. అందుకే గిట్ల కొడుతున్న."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నేను కొడుతూ పోయాను. నాలుగో దెబ్బ దగ్గర మెడ తిరిగింది. తలుపు బొంత గాలికి కొంచెం కదిలి ఆగింది. చివరి దెబ్బ వేసి, వేలు గడి మీదే ఉంచాను. చెయ్యి తీస్తే సున్నా అని భాయే చెప్పాడు. తీయలేదు. ఆమె దీపం వేయడానికి లేచేదాకా అట్లాగే కూర్చున్నాను.

చదివేవారికి ఒక్క మాట. మానుకోటలో ఆ భాయ్ దగ్గర పాట కట్టించుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉండవచ్చు. ఆ పాట మీ ఫోన్‌లో ఉంటే తీసి, నిమ్మళంగా కూర్చుని వినండి. నాలుగో దెబ్బ జర మెల్లగ పడుతోందా చూడండి. పడుతుంటే నాకో ముక్క రాయండి, ఆలస్యం చేయకండి. టపా తెచ్చే అతను మా వాడకు మధ్యాహ్నం వస్తాడు. ఆ వేళకు నేను వాకిట్లో, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దారి వైపు మెడ తిప్పి కూర్చుని ఉంటాను.